రషెస్ ఎవరిస్తారు?

(విజయవాడలో ఎడిటింగ్ నేర్చుకుంటున్న యువతీయువకుల కోసం ఒక ఆదివారం పెట్టుకున్న సమావేశంలో ఒక సీనియర్ ఎడిటర్ మాట్లాడిన మాటలివి. రికార్డింగ్ విని రాశాం. మాటతీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్లకి వినబడుతోందా? బాబూ, ఆ ఫ్యాను కాస్త తగ్గించు. గాలి తిన్నగా మైకులోకి కొడుతోంది. రికార్డు చేస్తున్న కుర్రాడికి రేపు ఆ రొద తీయడానికి తల ప్రాణం తోకకొస్తుంది. (నవ్వులు)

నన్ను పిలిచినప్పుడు "ఇంటర్నెట్‌లో ఎడిటర్లకి ఏమేం దొరుకుతాయో చెప్పండి సార్" అన్నారు. సరేనని కాగితం తీసుకుని రాయడం మొదలెట్టాను. పావుగంటకి కాగితం నిండింది. నిండాక చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. అందులో మీకు తెలియనిది ఒక్కటీ లేదు. ఏ ప్లగిన్ ఉచితం, ఏ పాఠం బావుంటుంది, ఏ షార్ట్‌కట్ ఏ కీ మీద పెట్టుకోవాలి, ఇవన్నీ మీరే నాకు చెప్పగలరు. కాగితం చింపేసి ఒక్క ప్రశ్న మాత్రం జేబులో పెట్టుకొచ్చాను.

ముందు చేతులెత్తండి. ఏదో ఒక ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మీద పని వచ్చినవాళ్లు? అందరూ. బావుంది. ఇప్పుడు ఇంకొకటి. వేరేవాళ్లు తీసిన సీను, షూటింగ్‌కి మీరు వెళ్లని సీను, మొదటి టేకు నుంచి చివరి ఎన్‌జీ, అంటే పనికిరాదని పక్కన పెట్టిన టేకు దాకా మొత్తం రషెస్, అంటే ఇంకా కోయని ముడి ఫుటేజ్, చేతికి తీసుకుని కట్ చేసినవాళ్లు? ఒకరు, ఇద్దరు... అక్కడ మూల అమ్మాయి... నలుగురు. ఇంత హాల్లో నలుగురు.

నా ప్రశ్న అదే. మీకు రషెస్ ఎవరిస్తారు?

నేను 1991లో తెనాలి నుంచి మద్రాసు వెళ్లాను. వడపళనిలో ఒక ఎడిటింగ్ రూములో ఆరో అసిస్టెంటుని. ఆరో అసిస్టెంటంటే టీ తెచ్చే కుర్రాడికంటే ఒక మెట్టు పైన, అదీ టీ కుర్రాడు సెలవు పెట్టని రోజున. (నవ్వులు) ఏడాది పాటు నన్ను ఫిల్ము కొయ్యనివ్వలేదు. నా పని ట్రిమ్స్. షాటులోంచి కోసేసిన ముక్కల్ని ట్రిమ్స్ అంటారు. మూవియోలా అంటే అప్పటి ఫిల్ము ఎడిటింగ్ మెషీను, దాని పక్కన గుడ్డ పరిచిన తొట్టె ఉండేది, తొట్టె మీద వరసగా మేకులు. ఏ షాటు ముక్క ఆ షాటు మేకుకి తగిలించాలి. ఎడిటర్ గారు వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి "ఆ అమ్మాయి క్లోజప్‌లో ఆరు ఫ్రేములు తీశాం, ఇటివ్వు" అనేవారు. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములు. ఆరు ఫ్రేములంటే సగం జానెడు ముక్క. తొట్టెలో అలాంటివి కొన్ని వందలు వేలాడుతుంటాయి. అది అర నిమిషంలో దొరక్కపోతే ఆయన ఏమీ అనేవారు కాదు. చాపిన చెయ్యి అలాగే ఉంచేవారు. అదే పెద్ద తిట్టు.

ఏడాదంతా లోపల తిట్టుకుంటూనే చేశాను. ఇప్పుడు లెక్క వేసుకుంటే ఆ ఏడాదే నాకు కాలేజీ అని తెలుస్తోంది. వెయ్యి అడుగుల డబ్బా ఆడితే 11 నిమిషాలు. అలాంటివి రోజుకెన్ని నా చేతుల మీదుగా పోయేవో. ఏ ముక్క తీశారు, మర్నాడు దాన్నే ఎందుకు మళ్లీ అతికించారు, మూడో రోజు మళ్లీ ఎందుకు కోశారు, ఇదంతా ఎవరూ చెప్పకుండానే చేతికెక్కింది.

ఒకరోజు మధ్యాహ్నం గురువుగారు భోజనానికి వెళ్తూ "ఆ రెండు షాట్లు కలిపి పెట్టు" అన్నారు. మొదటిసారి. చేతులు వణికాయి. కలిపి పెట్టాను. ఆయన వచ్చి చూసి, "ఇక్కడెందుకు కోశావు?" అన్నారు. "డైలాగు అయిపోయింది కదండీ" అన్నాను. "వాడు చెప్పడం అయిపోయింది. ఆ పిల్ల వినడం అయిపోయిందా?" అన్నారు. మళ్లీ చూశాను. ఆ పిల్ల కళ్లు దించి, మళ్లీ ఎత్తి, అప్పుడు ఊపిరి వదులుతోంది. నేను కళ్లు దించిన దగ్గరే కోసేశాను. ఇరవై రెండు ఫ్రేములు పారేశాను. ఒక సెకను కూడా కాదు. సీనంతా అందులోనే ఉంది.

అంటే ఆ గదిలో నాకు దొరికినవి రెండు. కుప్పలుగా రషెస్, పక్కన ఒక మనిషి. నెట్‌లో మీకు మూడోది దొరుకుతోంది, మెషీను. మాకు లేనిది అదే. మూవియోలా మా ఇంట్లో పెట్టుకోలేం కదా.

మన పరిశ్రమలో ఈ విద్య చాలావరకు ఇంట్లోంచే వచ్చింది. శ్రీకర్ ప్రసాద్ గారి నాన్నగారు అక్కినేని సంజీవి గారు ఎడిటర్. మార్తాండ్ కె. వెంకటేష్ గారి నాన్నగారు కె.ఎ. మార్తాండ్ గారు ఎడిటర్. వాళ్లకి పక్కన కూర్చునే మనిషి ఇంట్లోనే ఉన్నారు. నేను వంశాన్ని ఆడిపోసుకోవడం లేదు, వడ్రంగి కొడుకు ఉలి పట్టినట్టే అది. ఇంకో దారి పుణే ఫిల్ము ఇన్‌స్టిట్యూట్. 1960 నుంచి ఉంది. రేణు సలూజా లాంటి ఎడిటర్ అక్కణ్నుంచే వచ్చారు. కానీ అక్కడ ఏడాదికి చాలా కొద్దిమందికే సీటు. మరి నాన్న ఎడిటర్ కానివాళ్లు, పుణేలో సీటు రానివాళ్లు? నరసరావుపేటలోనో నిర్మల్‌లోనో ఫోటో స్టూడియోలో పనిచేస్తూ ఇది నేర్చుకుందామనుకునే కుర్రాడు? ఇంటర్నెట్ నిజంగా అవసరమైంది వాడికి. అయితే వాడికి మనం మెషీను ఇచ్చి, మిగిలిన రెండూ ఇవ్వడం మర్చిపోయాం.

మెషీను గురించి రెండు మాటల్లో తేల్చేస్తాను. డావించీ ఒకప్పుడు పెద్ద పెద్ద ల్యాబులు తప్ప ఇంకెవరూ కొనలేని, సినిమా రంగులు సరిచేసే మెషీను. 2009లో బ్లాక్‌మ్యాజిక్ వాళ్లు ఆ కంపెనీని కొన్నారు, 2011లో ఉచిత వెర్షన్ వదిలారు. ఇప్పుడు అందులో ఎడిటింగ్, సౌండ్ అన్నీ ఉన్నాయి. పాత కంప్యూటర్ అయితే కెడెన్‌లైవ్ ఉంది, షాట్‌కట్ ఉంది, అవీ ఉచితమే. ఇవన్నీ ఉండగా క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ఎందుకు పెట్టుకుంటారో నాకర్థం కాదు. దాంతో పాటు ఏ పురుగు లోపలికొస్తుందో తెలీదు. పెళ్లివాళ్ల ఫుటేజ్ మొత్తం తాళం పడిపోయి, డబ్బు కడితే తాళం తీస్తామని తెర మీద కాగితం వేలాడుతుంటే, అప్పుడు ఏడ్చి లాభం లేదు.

ఇక పాఠాలు. చాలా మంచి పాఠాలున్నాయి. నేనూ చూస్తాను, నిన్న రాత్రి కూడా చూశాను. వాటిలో లోపం ఒక్కటే. వాళ్లు మనకి ఏరిపెట్టిన ఐదు షాట్లు ఇస్తారు. అన్నీ మంచివే. ఫోకస్ పోయిన టేకు ఉండదు, నటుడు మాట మింగేసిన టేకు ఉండదు. అది తరిగి పెట్టిన కూరగాయలతో వంట నేర్పడం. పోపు వేయడం ఎవరైనా నేర్పుతారు. బుట్టెడు వంకాయలు ముందు పోసి, పుచ్చులేవో ఏరమంటేనే అసలు పని. రెండు గంటల రషెస్‌లోంచి రెండు నిమిషాల సీను తీయాలంటే ముందు ఆ రెండు గంటలూ చూడాలి. చూడటమే ఎడిటింగ్‌లో సగం. ఆ సగాన్ని ఏ పాఠమూ నేర్పదు, ఎందుకంటే అది చూపిస్తే ఎవరూ చూడరు! (నవ్వులు)

ఈ రషెస్ కరువు కొత్తదేం కాదు. రష్యాలో విప్లవం అయ్యాక మాస్కోలో 1919లో సినిమా బడి పెట్టారు. అక్కడ కులెషోవ్ అనే ఆయన దగ్గర కుర్రాళ్లు చేరారు. ముడి ఫిల్ము దొరకదు. కెమెరా ఉన్నా అందులో వేయడానికేమీ లేదు. వాళ్లేం చేశారంటే, వేరేవాళ్లు తీసిన పాత సినిమాల్ని విప్పి, ముక్కలు అటూ ఇటూ మార్చి అతికించి చూశారు. అమెరికన్ దర్శకుడు గ్రిఫిత్ తీసిన 'ఇన్‌టాలరెన్స్' వచ్చినప్పుడు దాన్ని ముక్కముక్కగా చదివారు. మొజుఖిన్ అనే నటుడి మొహాన్ని ఒకసారి పులుసు గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన పెట్టి, మొహం అదే అయినా పక్క షాటుని బట్టి భావం మారినట్టు కనబడుతుందని చూపించిన ప్రయోగం మీకందరికీ తెలుసు, ప్రతి పాఠంలోనూ చెప్తారు. అది ఎందుకు పుట్టిందో మాత్రం ఎవరూ చెప్పరు. కొత్తగా తీయడానికి గతిలేక పుట్టింది. చేతిలో ఉన్న పాత ముక్కలే వాళ్లకి రషెస్.

అమెరికాలో ఎడిటర్ల సంఘం ఒకటుంది, ఏసీఈ అంటారు, 1950లో పెట్టుకున్నారు. 'గన్‌స్మోక్' అని అప్పట్లో అక్కడ ఒక టీవీ సీరియల్. అందులో ఒక సీను రషెస్ తీసుకుని, వేరు వేరు ఎడిటర్ల చేత కట్ చేయించి, ఆ వెర్షన్లన్నీ పక్కపక్కన చూపించారు. వెతికితే దొరుకుతుంది, చూడండి. సీను అదే, నటులు వాళ్లే, మాటలు అవే. ఒక వెర్షన్‌లో భయం ఎవరిదో ఇంకో వెర్షన్‌లో అది వాళ్లది కాదు. విద్యార్థుల పోటీ పెట్టినా అదే పద్ధతి. అందరికీ ఒకే రషెస్ ఇస్తారు. నేను మీకు నూరు పాఠాలు చెప్పినా, ఒకే సీను మీరూ మీ పక్కవాడూ వేరువేరుగా కట్ చేసి కలిసి చూసినప్పుడు తెలిసేది తెలీదు. వాడు ఎక్కడ కోశాడో చూడగానే కడుపులో ఒక మంట పుడుతుంది. ఆ మంట మంచిది. (నవ్వులు)

అందరూ చెప్పే లెక్క ఒకటుంది కదా, కట్‌లో భావానికి 51 శాతం అని. హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ చెప్పింది. గొప్పవాడు, కాదనను. కానీ ఆ లెక్క గోడమీద రాసుకున్న కుర్రాళ్లని చాలామందిని చూశాను. గోడ బావుంటుంది. టైమ్‌లైన్‌లో ఏమీ మారదు.

సరే, దొరికే చోట్లు కొన్ని చెప్తాను. బ్లెండర్ అనే ఉచిత యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఉంది కదా, ఆ ఫౌండేషన్ వాళ్లు 2012లో 'టియర్స్ ఆఫ్ స్టీల్' అని చిన్న సినిమా తీశారు, నటులతో, ఆమ్‌స్టర్‌డ్యామ్‌లో. సినిమాతో పాటు కెమెరా ఫుటేజ్ కూడా అందరికీ వదిలారు. తీసినవాళ్ల పేరు వేస్తే చాలు, వాడుకోవచ్చు. గ్రీన్ మ్యాట్, అంటే నటుల వెనకున్న పచ్చ తెర తీసేయడం, వీఎఫ్‌ఎక్స్ షాట్లతో కట్ చేయడం నేర్చుకునేవాళ్లకి అది బంగారం. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రెలింగర్ సేకరణ ఉంది. పాత అమెరికన్ విద్యా చిత్రాలు, ప్రకటనలు, ఇళ్లలో తీసుకున్న రీళ్లు. వాటితో కులెషోవ్ పిల్లలు చేసిన పని మీరూ చేయొచ్చు. సౌండ్‌కి ఫ్రీసౌండ్ ఉంది, బార్సిలోనాలో ఒక విశ్వవిద్యాలయం వాళ్లు 2005 నుంచి నడుపుతున్నారు. ఒక్కో శబ్దానికి ఒక్కో లైసెన్సు, చదవండి. కొన్నిటికి పేరు వేయాలి. కొన్నిటిని డబ్బొచ్చే పనికి వాడకూడదు. చదవకుండా వాడేసి తరవాత "నాకు తెలీదండీ" అంటే కుదరదు.

ఆ మాట మీద ఇంకొకటి. ఏడు సెకన్లు అయితే వాడుకోవచ్చు, ముప్పై సెకన్లు అయితే పర్లేదు అని ఒకరికొకరు చెప్పుకుంటారు. మన చట్టంలో అలాంటి సెకన్ల లెక్క లేదు. సినిమాకి హక్కు, విడుదలైన మరుసటి ఏడాది మొదలుకుని 60 ఏళ్లు. ఆ తరవాత కూడా అందులో పాట రాసినవాళ్ల హక్కు వేరే ఉంటుంది, వాళ్లు పోయాక 60 ఏళ్ల దాకా. ఇంట్లో నేర్చుకోవడానికి ఏదైనా కోసుకోండి. బయట పెట్టేముందు ఆలోచించండి.

ఇవన్నీ చెప్పాను గానీ, నిజంగా రషెస్ ఎక్కడున్నాయో తెలుసా? మీ ఊళ్లోనే. పెళ్లిళ్లలో.

నవ్వకండి. రెండు రాష్ట్రాల్లోనూ ఎడిటర్లలో ఎక్కువమంది సినిమావాళ్లు కాదు, పెళ్లి ఎడిటర్లు. సందుకో స్టూడియో ఉంటుంది, వెనక ఏసీ గదిలో ఒక కుర్రాడు ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుని రాత్రి రెండింటిదాకా పనిచేస్తుంటాడు. వాడి దగ్గర ఉన్న ఫుటేజ్ నాకెప్పుడూ లేదు. మూడు కెమెరాలు, ఒక డ్రోను, ఎనిమిది గంటలు. అందులో రీటేకు లేదు. జీలకర్ర బెల్లం ఒక్కసారే పెడతారు. ఆ క్షణానికి తెర తీస్తారు, పురోహితుడు గట్టిగా అంటాడు, మేళం ఊపందుకుంటుంది, అక్షింతలు పడతాయి. మూడు కెమెరాల్లో ఒకటి తాతయ్య తలకాయ వెనక ఉంటుంది. (నవ్వులు) రెండోదానికి ఎక్స్‌పోజర్ పోయింది. ఉన్నదాంతో ఆ క్షణం నిలబెట్టాలి. ఎడిటింగ్ పరీక్ష అంటే అది.

అప్పగింతలు కట్ చేసిన కుర్రాడొకడు నాకు లింకు పంపాడు, రెండేళ్ల కిందట. అందరూ పెళ్లికూతురు ఏడవడం మీద ఉంచుతారు. వీడు ఆమె ఏడుస్తున్నప్పుడు పెళ్లికొడుకు చెల్లెలి మీదకి వెళ్లాడు. పదహారేళ్లుంటాయేమో. ఆ పిల్ల ఒక మూల నిలబడి తన చేతి గోరింటాకు చూసుకుంటోంది. అంతే, మూడు సెకన్లు. రేపు తనకీ ఇదే కదా అని ఆ పిల్ల అనుకుందో లేదో నాకు తెలీదు. నేను అనుకున్నాను. వాడికి ఫోన్ చేసి ఆ షాటు ఎందుకు పెట్టావు అంటే "ఏమో సార్, ఎనిమిది గంటలూ చూశాను, అది ఒక్కటే గుర్తుండిపోయింది" అన్నాడు.

కాబట్టి మీ ఊరి స్టూడియోకి వెళ్లండి. పెళ్లివాళ్లని అడిగి, వాళ్లు సరేనంటేనే, బయట ఎక్కడా పెట్టమని మాటిచ్చి ఒక్క కార్యక్రమం ఫుటేజ్ తీసుకోండి. అడగకుండా తీసుకోవద్దు. అది వాళ్ల ఇంటి విషయం, మన అభ్యాసం కాదు.

ఇప్పుడు రెండోది. పక్కన మనిషి.

నెట్‌లో మనుషులున్నారు. చాలా మంచివాళ్లున్నారు. మన మొహం చూడకుండానే గంటసేపు కూర్చుని సమాధానం రాసేవాళ్లున్నారు. మనకి అడగడం రాదు, అదీ ఇబ్బంది. "అన్నా సౌండ్ రావట్లేదు హెల్ప్." దానికింద దండం బొమ్మలు నాలుగు. డాక్టరు దగ్గరికెళ్లి "బాలేదు" అని మాత్రం చెప్పి కళ్లు మూసుకుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

ఒక నిజమైన జబ్బు చెప్తాను. మీలో సగంమందికి వచ్చే ఉంటుంది. ఇంటర్వ్యూ ఫోన్‌తో తీశారు, సౌండ్ వేరే రికార్డర్‌లో. మొదట్లో క్లాప్ దగ్గర కలిపితే కచ్చితంగా కుదిరింది. పది నిమిషాలయ్యేసరికి పెదాలు ముందు, మాట వెనక. చాలామంది ఏం చేస్తారంటే, మధ్యలో కోసి కొంచెం జరుపుతారు. మళ్లీ జరుగుతుంది. మళ్లీ కోస్తారు. రాత్రంతా అదే. అసలు సంగతేమిటంటే, ఫోన్లు ఎక్కువగా ఫ్రేముల్ని ఒకే వేగంతో తీయవు. వెలుతురు తగ్గినా, ఫోన్ వేడెక్కినా వేగం మారుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం సెకనుకి ఇన్నే అని నమ్ముతుంది. మీడియాఇన్ఫో అని ఒక చిన్న ఉచిత ప్రోగ్రాం ఉంది. ఫైలు అందులో వేస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర 'వేరియబుల్' అని కనబడుతుంది. హ్యాండ్‌బ్రేక్‌లోనో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తోనో దాన్ని 'కాన్‌స్టంట్'గా మార్చుకుని, అప్పుడు టైమ్‌లైన్‌లో వేసుకుంటే సగం జబ్బు పోతుంది.

మిగతా సగం ఇంకో రకం. సెకనుకి 24 ఫ్రేములకీ 23.976 ఫ్రేములకీ తేడా వెయ్యింట ఒక వంతు. ఏముందిలే అనిపిస్తుంది. గంటకి మూడున్నర సెకన్లు దాటుతుంది. పది నిమిషాల ఇంటర్వ్యూకి 14 ఫ్రేములు. 14 ఫ్రేములు జరిగితే మీ అమ్మమ్మ కూడా కనిపెట్టేస్తుంది.

అందుకని అడిగేటప్పుడు ఆ మీడియాఇన్ఫో ఇచ్చిన కాగితం పెట్టండి. ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్, విండోసా మ్యాకా, ఏ కెమెరా, ఏ కోడెక్ (వీడియోని కుదించి దాచే పద్ధతి), తప్పు ఎక్కడ మొదలైంది, మీరు అప్పటికే ఏం చేసి చూశారు. ఇలా రాస్తుంటే చాలాసార్లు రాయడం పూర్తయ్యేలోపే మీకే జవాబు తడుతుంది. నాకు పదిసార్లు తట్టింది. ఇంకొకటి, జవాబు దొరికాక వెనక్కి వెళ్లి ఏం చేస్తే పోయిందో రాయండి. "ఓకే అయింది బ్రో థ్యాంక్స్" అని వెళ్లిపోతారు చూడండి, వాళ్లమీద నాకు చెప్పలేనంత కోపం. నాలుగేళ్ల తరవాత అదే జబ్బుతో అక్కడికి వచ్చినవాడికి ఆ థ్యాంక్స్ ఏం చేసుకోవాలి?

నా సంగతి చెప్తాను. తెలుగు టైటిల్స్ వేస్తున్నాను. ఒత్తులన్నీ విడిపోయాయి. 'అమ్మ' అని టైపు చేస్తే మకి కింద మ ఒత్తు రాలేదు, పొల్లు మ పక్కన ఇంకో మ నిలబడింది. పాత అను ఫాంట్ల అలవాటు మనకుంది కదా, ఫాంటు తప్పేమో అని పది ఫాంట్లు మార్చాను. నిజానికి ఇప్పుడు ఉచితంగా మంచి యూనికోడ్ తెలుగు ఫాంట్లు బోలెడు, మల్లన్న, మండలి, రామభద్ర, సురవరం, సినిమా పోస్టరు మీద వేసుకునేంత బావుంటాయి. ఏది వేసినా అదే గొడవ. తెల్లారగట్ల మూడింటికి ఎక్కడో ఒక సమాధానం దొరికింది. అడిగినవాడు అరబ్బీ సబ్‌టైటిల్స్ వేసేవాడు. వాడికి అక్షరాలు ఒకదానికొకటి కలవట్లేదు. ఎవరో చెప్పారు: ప్రిఫరెన్సెస్‌లో టెక్స్ట్ ఇంజిన్ అని ఉంటుంది, దాన్ని 'సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్'కి మార్చు అని. నేను వాడుతున్న ప్రీమియర్ సాఫ్ట్‌వేర్‌లో అది కనబడింది. మార్చి, టైటిల్ మళ్లీ టైపు చేశాను. అమ్మకి ఒత్తు వచ్చి కూర్చుంది. ఇన్నాళ్లూ మార్చకపోవడం నా తప్పే.

ఎక్కడి అరబ్బీ, ఎక్కడి మ ఒత్తు. అది చదివాక నేను దాన్నే తెలుగులో రాసి, బొమ్మలు పెట్టి, నెట్‌లో ఉంచాను. ఇప్పటికీ నెలకో ఇద్దరు "బతికించారు సార్" అని రాస్తుంటారు. నేను కట్ చేసిన సినిమాల గురించి ఎవరూ రాయరు. (నవ్వులు)

2011లో ఫైనల్ కట్ అనే యాపిల్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చింది గుర్తుందా? మీలో చాలామంది అప్పటికి ఇంకా బళ్లో ఉండుంటారు. పాత వెర్షన్ ప్రాజెక్టులు అందులో తెరుచుకోలేదు. మొదట్లో మల్టీక్యామ్, అంటే చాలా కెమెరాల ఫుటేజ్ ఒకేసారి చూస్తూ కట్ చేసే వీలు లేదు, ఈడీఎల్, అంటే కట్‌ల జాబితా ఇవ్వడం లేదు. ప్రపంచమంతా ఎడిటర్లు గగ్గోలు పెట్టారు. కొంతమంది ఎవిడ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌కి వెళ్లారు, కొంతమంది ప్రీమియర్‌కి వెళ్లారు. అవతలికెలా వెళ్లాలో, ఏ పనికి అక్కడ ఏ పేరో ఒకరికొకరు చెప్పుకున్నారు. తరవాత కంపెనీ ఒక్కొక్కటే తెచ్చిపెట్టింది, మల్టీక్యామ్ 2012 జనవరిలో వచ్చింది. బటన్లు మాత్రమే నేర్చుకున్నవాళ్లు ఆ ఆర్నెల్లు చాలా ఇబ్బంది పడ్డారు.

ఏమ్మా, ఏదో అడగాలనుకుంటున్నావు, మైకు ఇవ్వండి ఆ అమ్మాయికి.

(ప్రశ్న: "సార్, మాది పార్వతీపురం దగ్గర. మా ఊళ్లో ఎడిటింగ్ చేసేవాళ్లు ఇంకెవరూ లేరు. ఆన్‌లైన్‌లో పెడితే సూపర్ అంటారు లేదా ఏమీ అనరు. నా కట్ ఎవరికి చూపించాలి?")

మంచి ప్రశ్నమ్మా. ఇంట్లో ఎవరున్నారు?

("అమ్మ, నానమ్మ.")

సరిపోయింది. నానమ్మని కూర్చోబెట్టి చూపించు. తెర వైపు చూడకు, నానమ్మ వైపు చూడు. ఎక్కడ చెంగు సర్దుకుంది, ఎక్కడ కిటికీలోంచి బయటికి చూసింది, ఎక్కడ ముందుకు వంగింది, ఆ టైమ్‌కోడ్ రాసుకో. "బావుందా" అని మాత్రం అడక్కు. బావుందనే అంటుంది, నువ్వు మనవరాలివి. "ఆ అబ్బాయి ఎందుకు వెళ్లిపోయాడు నానమ్మా?" అని అడుగు. వేరే కథ చెప్పిందనుకో, తప్పు నీ కట్‌లో ఉంది.

తరవాత ఇక్కడ ఈ హాల్లో ఒకరిని పట్టుకో. ఒక్కరు చాలు. పదిహేను రోజులకొకసారి నీ కట్ వాళ్లకి, వాళ్ల కట్ నీకు. షరతు ఒక్కటే, ప్రతి మాటకీ టైమ్‌కోడ్ ఉండాలి. "2 నిమిషాల 14 సెకన్ల దగ్గర నేను కథలోంచి బయటికొచ్చేశాను" అనాలి. "ల్యాగ్ ఉంది బ్రో" అంటే ఆ మాట లెక్కలోకి రాదు. ఎలా సరిచేయాలో వాళ్లు చెప్పక్కర్లేదు. ఎక్కడ నొప్పో చెప్తే చాలు. అవతలివాళ్లు 2.14 దగ్గర నొప్పి అన్నారంటే రోగం చాలాసార్లు 1.40 దగ్గర ఉంటుంది. అది నువ్వు వెతుక్కోవాలి.

(ప్రశ్న: "సార్, ఏఐ వచ్చాక ఎడిటర్ల...")

వస్తుంది బాబూ, వచ్చింది కూడా. ట్రాన్స్‌క్రిప్ట్ తీసి పెడుతోంది, సైలెన్సులు కోసి పెడుతోంది. మంచిదే, నా ఆరో అసిస్టెంటు పని అది చేస్తోంది. ఆ అసిస్టెంటు ఏం నేర్చుకున్నాడో ఇందాక చెప్పాను కదా, ఇప్పుడు ఆ నేర్చుకోవడం ఎవరు చేస్తారన్నదే నాకు దిగులు. సమయం అయిపోయిందంటున్నారు. ఇంకో మాట చెప్పి దిగిపోతాను.

నేను వచ్చేటప్పుడు ఒక డ్రైవు తెచ్చాను. నిర్మాతనీ దర్శకుణ్నీ అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకుని ఒక సీను రషెస్ ఇందులో పెట్టాను. ఒక వంటిల్లు, ఇద్దరు మనుషులు, అత్తా కోడలు. ఎనిమిది సెటప్పులు, అంటే కెమెరా ఎనిమిది చోట్ల పెట్టి తీశారు, ఎన్‌జీలతో కలిపి 47 నిమిషాలు. సౌండ్ వేరేగా ఉంది, సింక్ మీరే చేసుకోవాలి. క్లాప్ లేని టేకు ఒకటుంది, కావాలనే ఉంచాను. ప్రాక్సీలు, అంటే అదే ఫుటేజ్‌కి తేలికైన కాపీలు కూడా ఉన్నాయి, చిన్న ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు అవి వాడుకోండి. స్క్రిప్టు పేజీ పెట్టలేదు. అత్త మంచిదో కాదో రషెస్ చూసి మీరే తేల్చండి. మూడు నిమిషాలు దాటకూడదు, సంగీతం వేయకూడదు. వచ్చే నెల రెండో ఆదివారం ఇక్కడే, అందరివీ వరసగా వేసి చూద్దాం. రాలేని వాళ్లు, పార్వతీపురం అమ్మాయి లాంటివాళ్లు పంపించండి, మీరు వీడియో కాల్‌లో ఉండగానే వేస్తాం. నేనూ ఒకటి కట్ చేసి తెస్తాను. ఎవరిది ఏదో ముందు చెప్పం.

డ్రైవు ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంది, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ తెరుచుకుంటుంది. ఒక్కొక్కరు వచ్చి కాపీ చేసుకోండి. తోసుకోకండి. ఇంకో కాపీ నా బ్యాగులో ఉంది, మూడోది ఇంట్లో. ఒకసారి డిస్కు పోయి రెండు రోజుల పని పోగొట్టుకున్నవాణ్ని, అందుకని. కాపీ అయ్యాక ఎజెక్ట్ కొట్టి తీయండి బాబూ, లాగేయకండి. ఆ ముందు కుర్రాడూ, నిన్నే, లాగేస్తున్నావు!

(నవ్వులు, చప్పట్లు)